గోడకూ రేకుకూ మధ్య అంగుళం సందు: గుంటూరులోని ఒక ఇంటి ఫ్లాషింగ్ కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు గుంటూరు నగరంలోని ఒక పాత నివాస ప్రాంతానిది. ఇంటిని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసివేశాను. కొలతలు, సంవత్సరాలు, పని జరిగిన వరుస మాత్రం నా సైటు డైరీలో ఉన్నట్టే ఇస్తున్నాను. ఇళ్ళ మరమ్మతులు చూసే సివిల్ ఇంజనీరుగా గుంటూరు, విజయవాడల్లో కురిసే ఇళ్ళు చాలా చూశాను. ఈ ఒక్క ఇంటి గురించే ఇంత వివరంగా రాయడానికి కారణం, ఇక్కడ నేను చేయించిన మొదటి పని ఇంటిని బాగుచేయకపోగా మరింత కురిసేలా చేసింది. అది ఎందుకు జరిగిందో తెలుసుకున్న తరువాతే, ఫ్లాషింగ్ ఎంచుకునేటప్పుడు ఏ ప్రశ్న ముందు వేసుకోవాలో నాకు స్పష్టమైంది.

గోడా కప్పూ కలిసే చోట నీరు లోపలికి దిగకుండా అడ్డుపెట్టే లోహపు పట్టీని ఫ్లాషింగ్ అంటాం. రేకులు బిగించేవారు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. నా దగ్గర పనిచేసే తాపీ మేస్త్రీలు పట్టీ రేకు అంటారు. స్లాబు ఇళ్ళు వచ్చాక మన వైపు దాని అవసరం పోయినట్టే అనిపించింది. కానీ డాబాల మీద రేకుల షెడ్లు, మెట్లగది గోడకు ఆనించి దించిన వసారాలు పెరిగేకొద్దీ అది మళ్ళీ వీధి వీధిలోనూ అవసరమవుతోంది.

ఈ ఇంటి పై అంతస్తులో పడమటి సగం స్లాబు గదులు. ఆ గదుల తూర్పు గోడకు ఆనించి, తూర్పుకు వాటంగా దించిన రేకుల కప్పు కింద వంటగది, దాని పక్కన వసారా ఉన్నాయి. గోడ పొడవు 7.2 మీటర్లు. కప్పు గోడ నుంచి చూరు దాకా 3 మీటర్లు. అంత దూరానికి వాటం 30 సెంటీమీటర్లు, అంటే పదికి ఒకటి. రేకులు గోడను కలిసే గీత నుంచి పిట్టగోడ తల వరకు మీటరున్నర ఎత్తున ఇటుక గోడ ఎండకూ వానకూ బయటపడి ఉంది. ఒకప్పుడు ఆ కప్పు బంగాళా పెంకులది. పెంకులు పాతబడి, కోతులు తిరిగి పగిలిపోతున్నాయని, నేను వెళ్ళడానికి సుమారు ఎనిమిదేళ్ళ ముందు వాటిని తీసేసి ముదురు ఆకుపచ్చ రంగు పూత రేకులు వేయించారు.

వచ్చిన సమస్య

2022 నవంబరులో ఇంటి యజమాని నన్ను పిలిపించారు. ఆయన ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన. వంటగదిలో పడమటి గోడకు, అంటే రేకులు ఆనిన గోడకే, పైభాగాన ఒక అటక ఉంది. దాని మీద పచ్చళ్ళ జాడీలు ఉండేవట. నేను వెళ్ళేసరికి అటక ఖాళీగా ఉంది. దాని పైన గోడంతా పెచ్చులు లేచి, అంచుల వెంట ఉప్పులాంటి తెల్లటి పొడి తేలి ఉంది. చేత్తో రాస్తే ఆ పొడి రాలింది గాని కింద గోడ తడిగా లేదు. వాన వెలిసి నాలుగు రోజులైంది.

ఈ కేసులో అన్నిటికంటే విలువైన సమాచారం ఆ ఇల్లాలు చెప్పిన ఒక్క మాట. “ఎండాకాలం చివర పడమటి గాలితో ఎంత వాన కొట్టినా ఏమీ కాదు బాబూ. తూర్పు గాలి తిరిగితే చాలు, సన్నజల్లుకైనా ఈ గోడ చెమర్చుతుంది,” అన్నారావిడ. అంతకుముందు వచ్చిన పనివారెవరూ ఏ గాలికి కురుస్తోందని ఆవిడను అడగలేదట. వాన ఎంత పడిందన్నది కప్పు గురించి చెబుతుంది. ఏ గాలితో పడిందన్నది గోడ గురించి చెబుతుంది. పడమటి గాలి వానకు ఆ గోడ పొడిగా ఉంటుంది, ఎందుకంటే స్లాబు గదులే దానికి అడ్డు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పట్టి తూర్పు జల్లు కొడితే దాదాపు పదకొండు చదరపు మీటర్ల గోడ మీద పడిన నీరంతా జారి, గోడా రేకూ కలిసే ఆ ఒక్క గీత మీదికి వస్తుంది. అదే గాలి రేకుల మీది నీటిని కూడా వాటానికి ఎదురుగా గోడ వైపు తోస్తుంది. కాబట్టి రేకుల్లో చిల్లు వెతకడం కంటే ఆ గీతను చూడడమే మొదటి పని అని అక్కడే నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయం తప్పు కాదు. అసంపూర్ణం.

అంతకుముందు జరిగిన మరమ్మతులు

నేను వెళ్ళేముందు మూడు ప్రయత్నాలు జరిగాయి. రేకులు వేసిన ఏడాదే మేస్త్రీ గోడకూ రేకుకూ మధ్య ఉన్న అంగుళం సందును సిమెంటు మాలుతో కప్పి, ఏటవాలుగా గుండ్రం తిప్పాడు. తరువాత ఒకరు పై స్లాబుకు వాటర్‌ప్రూఫ్ పూత వేశారు. ఆపైన సందు వెంట అల్యూమినియం ముఖం ఉన్న తారు టేపు అంటించారు. టేపు మొదటి వానాకాలం ఆపిందని, తరువాతి వేసవిలో గోడ వైపు అంచు ఊడి వేలాడిందని చెప్పారు. దుమ్ము పట్టిన ప్లాస్టరింగు మీద ప్రైమరు లేకుండా అంటించిన తారు టేపు మన మే నెల ఎండకు మెత్తబడి జారడం వింత కాదు.

సిమెంటు మాలు సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ మేస్త్రీ తెలియక చేసిన పని కాదది. పెంకుల కప్పు ఉన్నన్నాళ్ళు సరిగ్గా అదే చోట అదే మాలు ఉండేది, ఇల్లు కురిసేది కాదు. పెంకుల కప్పు బరువైనది; చిన్న చిన్న పెంకులు ఒకదాని మీద ఒకటి ఊరికే ఆని ఉంటాయి గనుక ఎండకు వచ్చే వ్యాకోచం ఎక్కడికక్కడ సర్దుకుపోతుంది, అంచుకు చేరదు. రేకు అలా కాదు. పలుచటి, పొడవైన, తేలికైన వస్తువు. ఎండకు సాగుతుంది, గాలికి లేస్తుంది, మీద మనిషి నడిస్తే దిగుతుంది. కదలని కప్పుకు పనికొచ్చిన పద్ధతిని కదిలే కప్పుకు వాడారు. నేను చూసేసరికి ఆ మాలు గోడకు గట్టిగానే పట్టుకుని ఉంది. రేకు వైపు మాత్రం గోరు దూరేంత సన్నటి నెర్రె ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది. అంత సన్నని నెర్రె నీటిని అడ్డుకోదు సరికదా, లోపలికి పీల్చుకుంటుంది.

పరీక్ష

కురిసే చోటు పట్టుకోవడానికి నేను నీళ్ళ పైపుతో కింది నుంచి పైకి పరీక్షిస్తాను. పై నుంచి మొదలుపెడితే నీరు అన్ని చోట్లా జారి, ఎక్కడ దిగిందో తేలదు. ముందు చూరు దగ్గర, తరువాత రేకుల జోడింపుల మీద, ఆ తరువాత స్క్రూల వరుసల మీద ఒక్కో చోట ఇరవై నిమిషాలు నీరు వదిలాం. వంటగదిలో ఒక మనిషి టార్చితో గోడనే చూస్తూ కూర్చున్నాడు. ఏమీ రాలేదు. గోడ సందు మీద పెట్టిన పదకొండో నిమిషంలో లోపలి నుంచి కేక వినిపించింది: అటక మీద, ఎడమ కొస నుంచి రెండు మీటర్ల దూరంలో, చుక్క తేలింది.

అక్కడ పైపు కట్టేశాను. కారణం దొరికిందన్న తృప్తితో, సందుకు పైన ఉన్న మీటరున్నర గోడను పరీక్షించకుండానే కిందికి దిగాను. ఒక దారి దొరికినంత మాత్రాన రెండో దారి లేదని తేలినట్టు కాదు. ఆ మధ్యాహ్నం మరో గంట ఆగి ఉంటే ఈ ఇంటి వారికి ఏడాది కష్టం తప్పేది.

మొదటి పరిష్కారం

2023 జనవరిలో మాలు తీయించి, లోహపు ఫ్లాషింగ్ వేయించాను. రేకులకు వాడిన రంగు పూత రేకునే, 0.5 మిల్లీమీటర్ల మందంలో, మూడు ముక్కలుగా తెప్పించి, గోడ మీదికి 15 సెంటీమీటర్లు, రేకు మీదికి 15 సెంటీమీటర్లు వచ్చేలా మడత పెట్టించాను. మూడు ముక్కలనూ రివెట్లతో కలిపి ఒకే పట్టీగా చేశాం. జోడింపు ఎంత బిగుతుగా ఉంటే అంత మంచిదని అప్పటి నా నమ్మకం. పై అంచును ప్లగ్గులు, స్క్రూలతో ప్లాస్టరింగుకు, కింది అంచును సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలతో రేకులకు బిగించి, పై అంచు వెంట సిలికాన్ పెట్టించాను. చూడడానికి చక్కగా ఉంది. పైపుతో పరీక్షిస్తే చుక్క రాలేదు.

ఆ జూలై నెలాఖరు ముసురులో యజమాని ఫోన్ చేశారు. తూర్పు జల్లుకే కురిసే ఇల్లు ఇప్పుడు ఏ గాలికైనా కురుస్తోంది. మునుపు ఒక్క చోట చెమ్మ తేలేది, ఇప్పుడు నాలుగు చోట్ల.

పట్టీని విప్పకముందు గంటసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. అంతా దాని మీదే రాసి ఉంది. గోడ స్క్రూల్లో మధ్యవి సరిగ్గానే ఉన్నాయి. రెండు కొసల దగ్గరికి వెళ్ళేకొద్దీ స్క్రూ చుట్టూ ప్లాస్టరింగు నలిగి, ప్లగ్గు వేలితో లాగితే వచ్చేస్తోంది. రేకు వైపు గుండ్రంగా వేసిన చిల్లులు కొసల దగ్గర కోడిగుడ్డు ఆకారంలో సాగి, రబ్బరు వాషరు అంచు దాటి బయటికి కనిపిస్తున్నాయి. ఆ సాగిన చిల్లులే కొత్త చుక్కలకు దారులు. సిలికాను గోడ నుంచి తాడులా ఊడి వచ్చింది, దాని వెనుక ప్లాస్టరింగు పొడి అంటుకుని ఉంది. దాని కింద పట్టీ అంచు వెంట పూత చెడి తెల్లగా బూజులాంటి పొర ఏర్పడింది. పనివాడు తెచ్చింది పెట్టేటప్పుడు సిర్కా (వెనిగర్) వాసన వేసే రకం. ఎండుతూ ఆమ్లం వదిలే ఆ సిలికాను సిమెంటుకు సరిగా అంటదు, జింకు పూతను తింటుంది. ఏ రకం తెచ్చాడో ట్యూబు చూసి ఒప్పుకోవలసిన బాధ్యత నాది.

ఈ నష్టానికి లెక్క సులువైనదే, ముందే వేసుకోవలసింది. ఉక్కు మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీకి మిల్లీమీటరులో 0.012 వంతు సాగుతుంది. మే నెల మధ్యాహ్నం ఆ ఆకుపచ్చ రేకు మీద నేను కొలిచిన వేడి 64 డిగ్రీలు. జనవరి తెల్లవారుజామున అదే రేకు 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. తేడా 48 డిగ్రీలు. రివెట్లతో ఒకటిగా కట్టిన 7.2 మీటర్ల పట్టీ ఆ తేడాకు నాలుగు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. ఒక్క మే రోజులోనే, ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య, మూడు మిల్లీమీటర్లు. దాని వెనుక ఉన్న తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు అంత వేడి ఎక్కదు, అంత కదలదు. కదిలే రేకునూ కదలని గోడనూ ఒకే పట్టీకి రెండు చేతులా కట్టేశాను. రోజుకొకసారి ఆ పట్టీ తన స్క్రూలను తానే పెరుక్కుంది. మాలు వేసిన మేస్త్రీ చేసిందీ, నేను చేసిందీ ఒకటే తప్పు. ఆయన సిమెంటుతో చేశాడు, నేను లోహంతో చేశాను.

రెండోసారి: ముందు కదలిక, తరువాత లోహం

ఈసారి ఏ లోహమన్న ఆలోచనను పక్కన పెట్టి, కాగితం మీద ఆ మూలను అడ్డుకోతగా, అంటే నిలువునా కోసి పక్క నుంచి చూసినట్టు, గీసి, ఏ వస్తువు దేనితో పాటు కదలాలో ముందు గుర్తు పెట్టుకున్నాను. అలా గీయగానే ఒకే పట్టీ చాలదని తెలిసిపోయింది. రేకుతో పాటు కదిలే కింది పట్టీ ఒకటి, గోడతో పాటు నిలిచే పై పట్టీ ఒకటి. రెండూ ఒకదాని మీద ఒకటి వాలి ఉండాలి గాని, ఎక్కడా ఒకదానికొకటి బిగిసి ఉండకూడదు. ఈ రెండు పట్టీల పద్ధతి కొత్తదేమీ కాదు, పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఇంటి స్థాయి పనుల్లో ఖర్చుకూ శ్రమకూ వెనుకాడి ఒక పట్టీతో సరిపెట్టడం అలవాటైంది, నాతో సహా.

లోహం ఎంపిక ఆ తరువాత చాలా తేలికైంది. కింది పట్టీకి రేకు జాతి రేకునే ఉంచాను: అల్యూమినియం, జింకు కలిపిన పూత మీద రంగు వేసినది. రెండూ ఒకే లోహమైతే ఒకే లెక్కన సాగుతాయి, ఒకదాన్నొకటి తినవు. విడిగా అల్యూమినియం పట్టీ వేద్దామని ఫాబ్రికేషన్ షాపువారు సలహా ఇచ్చారు, తుప్పు పట్టదన్నది వారి వాదన. కానీ అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు సాగుతుంది, పైగా తడి సిమెంటు తగిలితే దాని క్షారానికి పాడవుతుంది. గోడ పక్కన పెట్టే వస్తువుకు ఆ రెండూ మంచి గుణాలు కావు.

పై పట్టీ గోడలోకి దిగాలి. యజమాని స్టెయిన్‌లెస్ స్టీలు వేయించడానికి సిద్ధపడ్డారు. నేనే వద్దన్నాను. స్టెయిన్‌లెస్ తాను చెడదు. కానీ తడిలో అల్యూమినియం, జింకు పూతకు ఆనుకుని ఉంటే ఆ పూతను త్వరగా కరిగిస్తుంది. రాగిది మరీ చెడ్డ స్వభావం, దాని మీద నుంచి జారిన నీరు సోకినా జింకు పూత పోతుంది. సీసపు రేకును చలి దేశాల్లో చాలా కాలంగా వాడుతున్నారు, ఎలా కావాలంటే అలా ఒంగుతుంది. విషపదార్థం గనుక, డాబా మీద పడే వాన నీటిని పట్టుకునే మన ఇళ్ళలో నేను దాని జోలికి పోను. చివరికి చదరపు మీటరుకు 275 గ్రాముల జింకు పూత ఉన్న 0.8 మిల్లీమీటర్ల జి.ఐ. రేకును ఎంచుకున్నాను. ఆ 275 గ్రాములు రెండు ముఖాలకూ కలిపి చెప్పే లెక్క. ఒక్కో వైపు సుమారు 19 మైక్రాన్ల పొర. 120 గ్రాముల రకంలో అది 8 మైక్రాన్లే ఉంటుంది. కంటికి రెండూ ఒకలాగే మెరుస్తాయి. నా అనుభవంలో షాపుకు వెళ్ళి ఊరికే జి.ఐ. రేకు అంటే తక్కువ పూతదే చేతికి వస్తుంది. పూత బరువు చెప్పి, కాయిల్ మీది చీటీ చూసి తీసుకోవాలి. దాని కోసం విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళాల్సి వచ్చింది. ఇంత చిన్న పనిలో రేకు ధరలో తేడా, పరంజా కట్టే కూలి ముందు లెక్కలోకి రాదు.

ఇక పని. గోడలో గాడి కోయడం దగ్గర చాలామంది పొరపడతారు కాబట్టి అక్కడ కొంచెం ఆగుతాను. అంగుళం లోతు గాడి చాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ అంగుళం ఇటుకలో ఉండాలి. ఈ గోడ మీద ప్లాస్టరింగే 20 మిల్లీమీటర్లుంది. అంగుళం కోస్తే బ్లేడు ఇటుకను గీసి ఆగిపోతుంది. ప్లాస్టరింగు గుల్లబారిన చోట నీరు ఇటుకకూ ప్లాస్టరింగుకూ మధ్య జారుతుంది. గాడి ఇటుకలోకి దిగకపోతే ఆ నీరు పట్టీ వెనుక నుంచే వంటగదికి చేరుతుంది. అందుకని 45 మిల్లీమీటర్ల లోతున, బయటికి కొద్దిగా వాటం ఉండేలా, ఇటుక వరుసల మధ్య మాలు గీత వెంట గ్రైండరుతో కోయించాను. దుమ్ము ఊది, బ్రష్షు కొట్టి, ఒక రోజు ఆరనిచ్చాం. పై పట్టీ గాడిలోకి దిగే భాగానికి తారు పెయింటు పూసి, వెనుక అంచును పైకి చిన్న మడత తిప్పి, జి.ఐ. చీలలతో బిగించి, గాడి నోటిని సిమెంటుతో కాక పాలీయురిథేన్ సీలెంటుతో నింపాం. సీలెంటు గాడి పైపెదవికీ, కింద పట్టీకీ మాత్రమే అంటుకోవాలి, వెనక్కు అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. అందుకని ముందు ఫోమ్ తాడు దూర్చి, దాని మీద సీలెంటు పెట్టాం.

కింది పట్టీని గోడ పక్కన 15 సెంటీమీటర్లు నిలబెట్టి, రేకు మీద ఈసారి 30 సెంటీమీటర్లు పరిచాను. పదికి ఒకటి వాటం తక్కువ వాటమే. గాలి నీటిని ఎదురు తోసే చోట 15 సెంటీమీటర్లు చాలవు. ఆ పట్టీకి గోడతో ఒక్క స్క్రూ కూడా లేదు. మూడు ముక్కలనూ రివెట్లు లేకుండా 15 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వేసి, మధ్యలో బ్యూటైల్ అనే జిగట రబ్బరు టేపు పెట్టి, ఒక్కో ముక్క విడిగా సాగేలా వదిలాను. అప్పుడు నాలుగు మిల్లీమీటర్ల కదలిక మూడు ముక్కలకు పంచుకుపోతుంది. పై పట్టీ కింది పట్టీ మీదికి 10 సెంటీమీటర్లు దిగుతుంది, రెండిటి మధ్య ఆరు మిల్లీమీటర్ల ఖాళీ. మరీ దగ్గరగా ఉంటే నీరు సందులో పైకి పాకుతుంది. రేకుల గట్ల మధ్య పల్లాలు పట్టీ కింద తెరుచుకునే ఉంటాయి. మొదటిసారి నేను వాటిని అలాగే వదిలేశాను. ఈసారి రేకు పై అంచున ప్రతి పల్లాన్నీ పట్టకారుతో పైకి మడిచి, ఆ రేకు ఆకారానికే కోసిన ఫోమ్ ముక్కలు పెట్టించాను. సాగిన పాత చిల్లులు పట్టీ కింద మరుగునపడ్డాయి, అయినా ఒక్కోదాన్నీ మూసే కొత్త పట్టీ వేశాం. ఉత్తర కొసన పట్టీ చివరను నీరు గోడలోకి కాక చూరు వైపు పోయేలా బయటికి మడిచాం.

తుపాను

2023 నవంబరు మూడో వారంలో పని ముగిసింది. డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గుంటూరులో అంతకు ముందు రోజు నుంచే ఎడతెగని వాన, ఈదురుగాలి. ఆరో తేదీ ఉదయం నేను వెళ్ళాను. సందు వెంట ఎక్కడా చుక్క లేదు. రేకు లోపలి ముఖం పొడిగా ఉంది, ఫోమ్ ముక్కల వెనుక వేలు పెట్టి చూశాను, తడి తగల్లేదు. కానీ అటకకు కుడి పక్కన గోడ మీద అరచేయంత చెమ్మ మచ్చ ఉంది.

యజమాని ఏమీ అనలేదు. ఇల్లాలు మాత్రం, “ఇది మునుపటిలా జారడం లేదు బాబూ, లోపల నుంచి ఊరుతున్నట్టుంది,” అన్నారు. మళ్ళీ ఆవిడ మాటే దారి చూపింది. జారే నీరు వాన కొట్టినప్పుడే వస్తుంది, వాన ఆగితే ఆగుతుంది. ఊరే నీరు గోడలో నిలిచి, తీరిగ్గా బయటపడుతుంది. ఏడాది కింద నేను పైపు కట్టేసిన చోటు నుంచి పరీక్షను మళ్ళీ మొదలుపెట్టాను. పట్టీకి పైన గోడ మీద ఇరవై నిమిషాలు నీరు వదిలాం, ఏమీ రాలేదు. పిట్టగోడ తల మీద గంటసేపు సన్నగా వదిలాం. ఆ రోజంతా ఏమీ రాలేదు. మర్నాడు పొద్దున మచ్చ అర అడుగు పెరిగి ఉంది.

పిట్టగోడ తల చదునుగా ఉంది, అడ్డంగా రెండు బీటలు, ముందుకు పొడుచుకొచ్చిన అంచు లేదు. ఆ బీటల్లో దిగిన నీరు గోడ కడుపులో కిందికి పాకి, గాడి లోతు దాటి, పట్టీ వెనుక నుంచి లోపలి ముఖానికి చేరుతోంది. ఫ్లాషింగ్ తన గాడికి పైన ప్లాస్టరింగు వెనుక జారే నీటిని ఆపగలదు. గోడ నడిమధ్య దిగే నీటిని ఆపలేదు. గాడిని గోడ మందమంతా కోసి పట్టీని అవతలి దాకా పంపితే ఆపవచ్చు, కొత్తగా కట్టే గోడలో అది చేయాలి కూడా. పిట్టగోడ బరువు మోస్తున్న పాత గోడను అలా కోయడం నాకు ఇష్టం లేదు. నీటిని పైనే ఆపడం మేలనుకున్నాం. 2024 జనవరిలో పిట్టగోడ తలను డాబా వైపు వాటం ఇచ్చి, రెండు వైపులా 5 సెంటీమీటర్లు బయటికి వచ్చే సిమెంటు కాంక్రీటు బిళ్ళలతో కప్పాం. ప్రతి అంచు అడుగున నీరు గోడకు పాకకుండా బొట్టుగా తెగి పడేలా గీత తీయించాం. గోడ మీద సుత్తి పిడితో తట్టి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా ప్లాస్టరింగు కొట్టించి కొత్తగా చేయించాం. దానికి ఎనిమిది రోజులు పట్టింది, ఫ్లాషింగ్ పనికంటే ఎక్కువే ఖర్చయింది. పైపు పరీక్షను 2022లోనే పూర్తిగా చేసి ఉంటే ఒకే పరంజా మీద రెండు పనులూ ముగిసేవి. ఆ రెండో పరంజా కూలిని యజమాని దగ్గర తీసుకోలేదు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడను బుడమేరు ముంచినప్పుడు గుంటూరులోనూ కుండపోత కురిసింది. ఆ గోడ పొడిగానే ఉంది. ఆ ఏడాది తూర్పు గాలుల కాలం కూడా దాటాకే అటక మీదికి జాడీలు మళ్ళీ ఎక్కాయి.

ఇప్పుడు నేను చేసే విధానం

ఈ కేసు తరువాత నా పద్ధతి కొంత మారింది. కురిసే ఇంటికి వెళితే రేకుల మీదికి ఎక్కకముందు ఆ ఇంట్లో ఎక్కువ సేపు ఉండేవారితో మాట్లాడుతున్నాను: ఏ గాలికి, వాన మొదలైన ఎంతసేపటికి, ఆగిన ఎంతసేపటి దాకా. పైపు పరీక్ష ఒక చోట దొరికినా ఆపడం లేదు, ఆ చోటును తాత్కాలికంగా మూసి పై అంచు దాకా వెళుతున్నాను. గోడ ఉన్న చోట మర్నాడు ఉదయం మళ్ళీ చూస్తున్నాను. ఫాబ్రికేషన్ షాపుకు కొలతలు కాకుండా అడ్డుకోత బొమ్మ పంపుతున్నాను, అందులో ఏ స్క్రూ దేనిలోకి దిగాలో, ఎక్కడ దిగకూడదో ఎర్ర సిరాతో గుర్తు ఉంటుంది. స్లాబుకు స్లాబు కలిసే చోట, మెట్లగది గోడకు డాబా కలిసే చోట ఇంత కదలిక ఉండదు. అక్కడ ఒక్క పట్టీ, లేదా గుండ్రం తిప్పిన మూల మీద సాగే పూత సరిపోవచ్చు. రెండు పట్టీలు ప్రతి చోటా కావాలని నేననడం లేదు. లోహపు రేకు ఇటుక గోడను కలిసే చోట మాత్రం ఒక్క పట్టీతో సరిపెట్టడం మానేశాను.

సీలెంటు శాశ్వతం కాదు. ఏటా మే చివర, మృగశిరకు ముందు, గాడి వెంట వేలితో తడిమి చూడమని యజమానికి చెప్పాను. 2025 మేలో మధ్య ముక్క జోడింపు దగ్గర బ్యూటైల్ టేపు అంచు ఎండి చిట్లింది, మార్చాం. ఆ తరువాత నెలకు ఆయన ఫోన్ చేశారు. ఇంటికి రంగులు వేస్తున్న పనివాడు పై పట్టీకీ కింది పట్టీకీ మధ్య ఉన్న ఖాళీ అందంగా లేదని, అడుగున్నర మేర పుట్టీతో పూడ్చేశాడట. పని ఆపించమని, నేను వచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పాను. సాయంత్రం వెళ్ళి, పుట్టీ పూర్తిగా గట్టిపడకముందే పలుచటి చెక్క పుల్లతో గీకి తీసేశాం. ఇనుప బ్లేడు వాడితే జింకు పూత గీరుకుపోతుంది. మెట్లగదిలో మీటరు పెట్టె తలుపు లోపల ఆ మూల అడ్డుకోత బొమ్మ అంటించి వచ్చాను. దాని కింద యజమాని తన చేతిరాతతో, పెద్ద అక్షరాలతో రాశారు: ఈ సందు పూడ్చరాదు.